కేప్ యార్క్: రాయినీ తీసుకుపోయినారు, మనుషుల్నీ తీసుకుపోయినారు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా వచ్చిన మన యువతతో మాట్లాడిన మాటల పాఠం. ఆ రోజు రాలేకపోయినోళ్ల కోసం ఇక్కడ పెడుతున్నా.)



నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా కాలేజీలో క్విజ్ పోటీ పెట్టినారు. చివరి ప్రశ్న ఏందంటే, ఉత్తర ధ్రువాన్ని మొట్టమొదట చేరుకున్నది ఎవరు? నేను గబుక్కున చెయ్యెత్తి ‘రాబర్ట్ పియరీ, 1909’ అని చెప్పినా. చప్పట్లు కొట్టినారు. ఒక స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చినారు. ఆ డబ్బాలో మా జేజి ఇప్పటికీ ఆకూవక్కా పెట్టుకుంటుంది.

మీలో చాలామంది గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుతా ఉన్నారు. మీ జీకే పుస్తకంలో కూడా ఈ బిట్టు ఉంటుంది. ఒక ప్రశ్న, ఒక పేరు, ఒక మార్కు. ఈరోజు ఆ ఒక్క మార్కు వెనకాల ఏముందో మాట్లాడుకుందాం. మన పండుగ రోజు మన గురించి మాట్లాడకుండా ఎక్కడో మంచు దేశం గురించి ఏందబ్బా అనుకోవద్దు. ఆ మంచులో ఉన్నోళ్లు కూడా మనోళ్లే. వినండి, మీకే తెలుస్తుంది.

మ్యాపులో గ్రీన్‌లాండ్ చూడండి. దాని వాయవ్య దిక్కున, మెల్విల్ అఖాతం ఉత్తరం కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాతి కొన ఉంది. ఇంగ్లీషోళ్ల మ్యాపులో దాని పేరు కేప్ యార్క్. కేప్ అంటే అగ్రం, మన కన్యాకుమారి లాంటి భూమి కొన. మన ప్రొద్దుటూరు దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, అది దాదాపు 76 డిగ్రీల మీద ఉంది. చలికాలంలో మూడు నెలలకు పైగా సూర్యుడు కనపడడు. చెట్టు అనేదే లేదు. అక్కడుండే జనం ఇనుఘుయిట్‌లు, అంటే ఇన్యూట్ ఆదివాసుల్లో అందరికన్నా ఉత్తరాన బతికే తెగ. వంద, రెండు వందల ఏళ్ల కింద వాళ్లు మొత్తం రెండు మూడు వందల మంది. మన ఒక్క తండా అంత.

ఆ కొనకు వాళ్ల భాషలో ఇన్నాంగనెక్ అని పేరుంది. కేప్ యార్క్ అనే పేరు పెట్టింది జాన్ రాస్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి, 1818లో. ఇంగ్లండ్ రాజకుమారుడు యార్క్ డ్యూక్ పేరు అది. ఆ రాజకుమారుడు జన్మలో ఆ మంచు తొక్కినోడు కాదు.

ఇలాంటి పేర్లు మనకు కొత్తేం కాదు. మా ఎరుకలోళ్లను నేరస్తుల జాతి అని ముద్రేసి బ్రిటిషోళ్లు ఒకచోట కట్టడి చేసిన సెటిల్‌మెంటుకు స్టూవర్టుపురం అని పేరు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు. మనల్ని కట్టేసిన ఊరికి, కట్టేసినోళ్ల పక్షం పేరు. ఇంకొకటి చెప్తా. జమ్మలమడుగు నుంచి గండికోట ఎంత దూరం? కొండల్ని కోసుకుంటా పెన్న పోయిన గండి, ఆ గండి మీద కోట. ఆ పేరులోనే మొత్తం ఉంది. కానీ యూట్యూబులో దాన్ని ‘ఇండియా గ్రాండ్ క్యానియన్’ అంటేనే జనం వస్తారంట! అమెరికా పేరు తగిలిస్తే గానీ మన రాయికి విలువ రాదు.

సరే, రాస్ దగ్గరికి వద్దాం. అతను ఇసబెల్లా, అలెగ్జాండర్ అనే రెండు ఓడలతో ఆసియాకు ఉత్తరం దారి వెతుక్కుంటా అటు పోయినాడు. 1818 ఆగస్టు 10న ఆ తీరం మంచు మీద ఇనుఘుయిట్‌లను కలిసినాడు. తేదీ గమనించినారా? మన ఆదివాసీ దినానికి మరుసటి రోజు. ఆ ఓడలో జాన్ సాక్యూస్ అని ఒక యువకుడు ఉన్నాడు. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ పిల్లోడు, తిమింగలాలు పట్టే ఓడెక్కి స్కాట్లండ్ చేరినోడు. వాళ్ల మాటకూ వీళ్ల మాటకూ తేడా ఉన్నా, దుబాసీగా నిలబడి రెండు పక్షాల మధ్య మాట కలిపింది అతనే. ఆ రోజు జరిగిందాన్ని బొమ్మ కూడా గీసినాడు. టోపీలు పెట్టుకున్న నౌకాధికారులు, చర్మపు బట్టలేసుకున్న వేటగాళ్లు, వెనకాల తెరచాపలు. రాస్ పుస్తకంలో అచ్చయింది ఆ బొమ్మ. ఇద్దరు లోకాల మనుషులు కలిసిన రోజును మన కళ్లకు చూపించింది ఒక ఇన్యూట్ కుర్రోడి చెయ్యి. మరుసటి ఏడాదే, 1819లో, ఎడిన్‌బరోలో చనిపోయినాడు.

రాస్‌కు ఒక సంగతి వింతగా తోచింది. గని లేదు, కొలిమి లేదు, కాల్చడానికి కట్టెపుల్ల లేదు. అయినా వీళ్ల చేతుల్లో ఇనుప కత్తులున్నాయి! ఎముక పిడికి అంచు పొడవునా చిన్న చిన్న ఇనుప రేకులు వరసగా దిగ్గొట్టి చేసిన కత్తులు. యాడిదీ అని అడిగితే ఒక ఇనుప కొండ గురించి చెప్పినారు. ఆ కత్తుల్ని ఇంగ్లండుకు తీసుకుపోయి పరీక్షిస్తే అందులో నికెల్ కలిసుంది. అంటే అది భూమిలో తవ్విన ఇనుము కాదు. ఆకాశం నుంచి పడిన ఉల్క.

వేల ఏళ్ల కింద పెద్ద ఉల్క ఒకటి ఆ ప్రాంతంలో ముక్కలై పడింది. ఇనుఘుయిట్‌లకు బాగా తెలిసిన ముక్కలు మూడు. వాటికి పేర్లున్నాయి: గుడారం, ఆడమనిషి, కుక్క. వాళ్ల కథ ప్రకారం, ఒక ఆడమనిషి తన కుక్కతో గుడారంలో కూర్చుని కుట్టుపని చేసుకుంటా ఉంటే, ఒక శక్తి ఆమెను ఆకాశం నుంచి కిందికి తోసేసిందంట. ఆ మూడూ రాళ్లయి పడినాయంట. ఆడమనిషి రాయి దాదాపు 3 టన్నులు, కుక్క 400 కిలోలు, గుడారం 31 టన్నులు. రెండు టిప్పర్ల కంకర బరువు అనుకోండి.

పని ఎట్లా చేసేవాళ్లో వినండి, నాకు ఇదే బాగా నచ్చిన ముక్క. నిప్పు లేకుండా, చల్లగానే కొట్టేవాళ్లు. గట్టి నల్లరాయిని సుత్తిగా పట్టుకుని ఉల్క మీద కొట్టి కొట్టి చిన్న పెచ్చు తీసేది. ఆ పెచ్చును మళ్లీ కొట్టి గోరంత రేకు చేసేది. ఆ రేకుల్ని ఎముకలో దిగ్గొట్టేది. సుత్తి రాళ్లు ఆ చోట దొరికేవి కావు, దూరం నుంచి మోసుకొచ్చేవాళ్లు. పనికిరాకుండా పగిలిపోయిన సుత్తి రాళ్లు ఆడమనిషి రాయి చుట్టూ వేలకొద్దీ గుట్టగా పడున్నాయి. ఎన్ని తరాలు కొట్టుంటే అంత గుట్టవుతుంది! ఆ ఇనుము చేతులు మారుతా కెనడా ఉత్తరం దాకా వందల మైళ్లు పోయింది, తవ్వకాల్లో దొరుకుతా ఉంది. ఇప్పటికీ ఆ పక్కనున్న చిన్న ఊరి పేరు సవిస్సివిక్. ఇనుము దొరికే చోటు, కత్తుల చోటు అని అర్థం. గని, ఫ్యాక్టరీ, మార్కెట్ అన్నీ వాళ్లే. శంకుస్థాపన రాయి ఒక్కటే లేదు. ఇది ఎందుకన్నానో జమ్మలమడుగు వాళ్లకు అర్థమైంది, నవ్వుతా ఉన్నారు. 2007 నుంచి ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాళ్లు చూస్తా ఉన్నారు కదా.

వాళ్లు పియరీకి చెప్పిన ఇంకో కథ ఉంది. ఎప్పుడో కొంతమంది, ఊరికి దగ్గరగా ఉంటుందని, ఆడమనిషి రాయి తలను విడగొట్టి స్లెడ్జి బండి మీద పెట్టుకుని బయలుదేరినారంట. మంచు పగిలి రాయి, బండి, కుక్కలు అన్నీ సముద్రంలోకి పోయినాయంట. కావల్సినంత పెచ్చు తీసుకో, రాయిని మాత్రం దాని చోటులో ఉండనీ. అడవిలో గడ్డ తవ్వేటప్పుడు తీగనూ తల్లి వేరునూ వదిలిపెట్టమని మన పెద్దోళ్లు చెప్పరా? అదే మాట.

రాస్ తర్వాత ఇనుప కొండ కోసం కొన్ని బృందాలు వెతికినాయి. దొరకలే. 76 ఏళ్ల తర్వాత, 1894లో రాబర్ట్ పియరీ అనే అమెరికా నౌకాదళ ఇంజనీరు చూసినాడు. చూసినాడు అంటే, ఒక ఇనుఘుయిట్ వేటగాడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించినాడు. పియరీ ఏం చేసినాడో తెలుసా? ఆడమనిషి రాయి మీద ‘పి’ అనే అక్షరం గీకినాడు. నేనే కనుక్కున్నా అనడానికి గుర్తు. ఇది ఎవరో గిట్టనోళ్లు చెప్పింది కాదు, ఆయనే రాసుకున్నాడు. చుట్టూ వేల సుత్తి రాళ్ల గుట్ట ఉంది. అది గుర్తు కాదంట, గీత గుర్తంట.

మరుసటి ఏడాది, 1895లో, ఆడమనిషినీ కుక్కనూ ఓడెక్కించినాడు. 1896లో గుడారం కోసం ప్రయత్నించి కాక, 1897లో హోప్ అనే ఓడలో దాన్నీ తీసుకుపోయినాడు. జాకీలు, పట్టాలు, ఒడ్డు నుంచి ఓడకు కట్టిన దుంగల వంతెన, దాంతోపాటు స్థానికుల రెక్కల కష్టం. పియరీ నాలుగేళ్ల కూతురు మేరీ ఆ రాయి మీద సారా సీసా పగలగొట్టి ‘అహ్నిఘిటో’ అని పేరు పెట్టింది. అది ఆ పాప నడిమి పేరే. ఆ పాప గ్రీన్‌లాండులో పుట్టినప్పుడు ఆమెకు బొచ్చు కోటు కుట్టిన ఇనుఘుయిట్ ఆవిడ పేరు అది. కుట్టిన ఆవిడ పేరు పాపకు వచ్చింది, పాప పేరు రాయికి వచ్చింది, రాయి న్యూయార్క్ పోయింది. 1909లో పియరీ భార్య ఆ మూడింటినీ అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి 40,000 డాలర్లకు అమ్మింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. గుడారం బరువుకు నేల ఆగదని, దాని కింద స్తంభాలను భవనం అడుగున ఉన్న బండరాయి దాకా దించినారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పియరీ పక్షం వాదన ఏందంటే, అప్పటికి తిమింగలాల ఓడల నుంచి, తన నుంచి వాళ్లకు కత్తులు, తుపాకులు, కలప దొరుకుతున్నాయి, ఉల్క అవసరం తీరిపోయింది అని. తుపాకీ వచ్చినాక వేట తేలికైందనేది నిజమే. ఇది మామూలు దోపిడీ కథ కాదు, ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంది. కానీ లెక్క చూడండి. వాళ్లకు వచ్చింది తూటా అయిపోతే పనికిరాని తుపాకీ, పోయింది తరతరాలకు తరగని గని. తూటాల కోసం మళ్లీ ఆయన ఓడ కోసమే ఎదురు చూడాల. ఫోను ఇచ్చి రీఛార్జి వాళ్ల చేతిలో పెట్టుకున్నట్టు.

ఆ 1897 ఓడలోనే రాయితోపాటు ఆరుగురు మనుషుల్ని కూడా ఎక్కించుకున్నాడు. పేర్లు చెప్తా, గుర్తు పెట్టుకోండి. క్విసుక్, అతని కొడుకు మినిక్. మినిక్‌కు అప్పుడు దాదాపు ఏడేళ్లు, తల్లి లేని పిల్లోడు. నుక్తాక్, అతని భార్య అతంగాన, వాళ్ల పాప అవియాక్. ఇంకొకడు ఉయిసాకస్సక్ అనే యువకుడు. వెచ్చని ఇళ్లు ఉంటాయి, తుపాకులు ఇస్తా, మళ్లీ తెచ్చి దింపుతా అని చెప్పినారని మినిక్ పెద్దయినాక చెప్పినాడు. న్యూయార్క్ రేవులో టిక్కెట్టు పెట్టి ఓడ చూపిస్తే, వేలాది మంది వచ్చి రాయినీ ఆ మనుషుల్నీ చూసిపోయినారు. ఆ తర్వాత వాళ్లను మ్యూజియం నేలమాళిగలో పెట్టినారు.

చలి దేశం మనుషులు, న్యూయార్క్ ఉక్కపోత, ఊపిరితిత్తుల జబ్బు. 1898 ఫిబ్రవరిలో క్విసుక్ చనిపోయినాడు. మే నెలలోపు నుక్తాక్, అతంగాన, అవియాక్ కూడా పోయినారు. ఏడాది తిరగకుండానే ఆరుగురిలో నలుగురు.

తండ్రికి మన పద్ధతిలో సమాధి చెయ్యాలని మినిక్ ఏడిస్తే, మ్యూజియం తోటలో ఖననం చేసినారు. పిల్లోడు ముందర నిలబడి చూసినాడు. ఆ బట్టలో చుట్టింది తండ్రి శవం కాదు. ఒక మొద్దు. మనిషి పొడవు మొద్దుకు బొచ్చు చర్మం చుట్టి, పైన రాళ్లు పేర్చినారు. అసలు శరీరాన్ని కోసి, ఎముకలు శుభ్రం చేసి, మ్యూజియం సేకరణలో కలుపుకున్నారు. ఇందులో ఫ్రాంజ్ బోయాస్ కూడా ఉన్నాడు. మానవశాస్త్రం చదివినోళ్లకు ఆ పేరు తెలుసు. జాతుల్లో ఎక్కువ తక్కువలు లేవని తర్వాత గట్టిగా వాదించిన పెద్ద పండితుడు. పిల్లోణ్ణి ఊరడించడానికి అట్లా చేసినామని తర్వాత ఒప్పుకున్నాడు. మంచోళ్లని పేరున్నోళ్లు కూడా ఆ గదిలోనే ఉన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

మినిక్‌ను మ్యూజియం భవనాల సూపరింటెండెంటు విలియం వాలెస్ పెంచుకున్నాడు. బడికి పంపినాడు. పదిహేనేళ్ల వయసు దాటినాక మినిక్‌కు తన తండ్రి ఎముకలు మ్యూజియంలోనే ఉన్నాయని తెలిసింది. 1907లో పత్రికలకెక్కి, మా నాయన దేహం నాకివ్వండి అని అడిగినాడు. ఇవ్వలే. 1909లో ఊరికి తిరిగి పోయినాడు. అప్పటికి సొంత భాష మర్చిపోయినాడు. మళ్లీ నేర్చుకున్నాడు, వేట నేర్చుకున్నాడు. అయినా అక్కడా ఇమడలేక 1916లో మళ్లీ అమెరికా వచ్చినాడు. న్యూహాంప్‌షైర్ అడవుల్లో చెట్లు కొట్టే కూలీగా పని చేస్తా 1918లో ఆ ప్రపంచం మొత్తం పాకిన ఫ్లూ జ్వరంతో చనిపోయినాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు.

హాస్టళ్లలో చదివినోళ్లు మీలో చాలామంది. ఇంటికి పోతే జేజితో మన మాటలో మాట్లాడటానికి నోరు రాదు, బయట మన యాసకు నవ్వుతారు. మినిక్ కష్టంతో దాన్ని పోల్చను. కానీ ఆ నడిమధ్యలో నిలబడటం అంటే ఏందో మీకు నేను చెప్పక్కర్లే.

ఆరో మనిషి ఉయిసాకస్సక్‌ను 1898లోనే వెనక్కి పంపినారు. అతను ఊరికి పోయి, ఇళ్లు ఒకదాని మీద ఒకటి కొండల్లా ఉంటాయి, మనుషులు లెక్కపెట్టలేనంత మంది అని చెప్తే ఎవ్వరూ నమ్మలే. పెద్ద అబద్ధాలకోరు అని పేరు పెట్టినారు. నిజం చూసొచ్చి చెప్పినోడి గతి కొన్నిసార్లు అంతే.

ఇప్పుడు నా క్విజ్ ప్రశ్న. 1909 ఏప్రిల్ 6న ధ్రువం చేరుకున్నా అని పియరీ ప్రకటించుకున్నాడు. నిజంగా చేరినాడా అంటే చాలామంది పరిశోధకులు ఒప్పుకోరు, కొన్ని మైళ్ల ఇవతలే ఆగిపోయినాడంటారు. ఆ గొడవ మనకొద్దు. ఆయన చేరినా చేరకపోయినా, ఆ చివరి మజిలీలో ఆయన ఒంటరిగా లేడు. మాథ్యూ హెన్సన్ అనే నల్లజాతి అమెరికన్ ఉన్నాడు, ఇనుఘుయిట్ భాష గడగడా మాట్లాడేవాడు, కుక్కల బండి వాళ్లంత బాగా నడిపేవాడు. ఇంకా నలుగురు ఇనుఘుయిట్‌లు: ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకేయా. బొచ్చు బట్టలు కుట్టింది వాళ్ల ఆడోళ్లు. కుక్కలు వాళ్లవి. మంచు గూడు కట్టే విద్య వాళ్లది. జీకే పుస్తకంలో ఆరుగురిలో ఒక్కడే మిగిలినాడు. పరీక్షలో మీరు పియరీ అనే రాయండి, మార్కు పోగొట్టుకోమని నేను చెప్పను. రాసేటప్పుడు మిగతా ఐదుగురిని మనసులో అనుకోండి.

అదే 1909లో మన దగ్గర ఏం జరిగిందో తెలుసా? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేసినాడు. కొలిచే పరికరాలతో జనం తలలూ ముక్కులూ కొలిచినోడు. ఎరుకల, యానాది, లంబాడి, చెంచు అందరం ఉన్నాం అందులో. ఇప్పటికీ మన గురించి ఎవరన్నా రాయాలంటే ముందు తెరిచేది ఆ పుస్తకమే. ఆ తర్వాత రెండేళ్లకు, 1911లో, నేరస్త తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మా తాతల వేలిముద్రలు పోలీసుల దగ్గర చేరినాయి. న్యూయార్కులో ఎముకలు, మద్రాసులో కొలతలు, ఠాణాలో వేలిముద్రలు. మన గురించి కాగితాలు ఎప్పుడూ మన దగ్గర లేవు.

కేప్ యార్క్‌కు మళ్లీ పోదాం. ఆ కొన మీద ఇప్పుడు ఏముంది? 1932లో మేరీ, అంటే ఆ సారా సీసా పాపే, పెద్దయి వచ్చి నాన్న జ్ఞాపకంగా అక్కడ దాదాపు 60 అడుగుల రాతి స్తంభం కట్టించింది. దాని మీద పెద్ద ‘పి’ అక్షరం. సముద్రంలో పోయే ఓడలకు దూరం నుంచే కనిపిస్తుంది. రాయి మీద గీకిన అక్షరం కొండ మీదికెక్కింది. ఆమెను నేను తప్పు పట్టను. బిడ్డ తండ్రికి గుర్తు కట్టుకుంది. మినిక్ కూడా అదే కదా అడిగింది?

ఆ కొనకు ఉత్తరాన కొంత దూరంలో ఉమ్మన్నాక్ అనే పాత ఊరుండేది. 1910లో నుద్ రాస్ముస్సెన్ అక్కడ థూలే అనే పేరుతో వ్యాపార కేంద్రం పెట్టినాడు. అతను కొంత గ్రీన్‌లాండ్ రక్తం ఉన్నోడు, వాళ్ల భాషలోనే పెరిగినోడు. నక్క చర్మాల వ్యాపారంలో వచ్చిన డబ్బుతో యాత్రలు చేసి ఇన్యూట్ కథలూ నమ్మకాలూ సేకరించినాడు. ధ్రువ యాత్రికుల్లో నాకు కాస్త మనసుకు దగ్గరైనోడు. అయితే 1951లో డెన్మార్క్, అమెరికా ఒప్పందం చేసుకుని అక్కడే పెద్ద వైమానిక స్థావరం కట్టినాయి. 1953లో ఆ ఊరోళ్లను, 27 కుటుంబాలను, కొద్ది రోజుల గడువు ఇచ్చి లేపేసినారు. వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరాన క్వానాక్‌కు పోయి, ఇళ్లు కట్టేదాకా గుడారాల్లో ఉన్నారు. వాళ్లు వదల్లే. కేసు వేసినారు. 1999లో డెన్మార్క్ కోర్టు అది బలవంతపు తరలింపే అని తేల్చింది, ప్రధానమంత్రి క్షమాపణ చెప్పినాడు. పరిహారం కొద్దిగా వచ్చింది. భూమి రాలే. ఆ స్థావరం ఇప్పుడు అమెరికా అంతరిక్ష దళం చేతిలో ఉంది.

అంతరిక్షం అంటే మనకు శ్రీహరికోట గుర్తు రావాల. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవిలో తేనె, మందుమూలికలు, చేపల మీద బతికిన యానాది కుటుంబాలను ఆ కేంద్రం కోసమే అక్కడి నుంచి కదిలించినారు. రాకెట్ ఎగిరితే నేనూ చప్పట్లు కొడతా. ఆ నేల మీద ముందు ఎవరున్నారని అడిగే బిట్టు మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలే.

పులివెందుల నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఒక సంగతి. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊళ్లలో బోరు నీళ్ల గురించి ఎన్నేళ్లుగా మొత్తుకుంటా ఉన్నారో మీకు తెలుసు. గ్రీన్‌లాండ్ దక్షిణాన నార్సాక్ ఊరి దగ్గర కూడా యురేనియం కలిసిన గని ప్రతిపాదన వచ్చింది. 2021 ఏప్రిల్ ఎన్నికలు చాలామటుకు దాని మీదే జరిగినాయి. గని వద్దన్న పార్టీ గెలిచింది. ఆ నవంబరులో వాళ్ల పార్లమెంటు యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తా చట్టం చేసింది. మొత్తం జనాభా 56,000. మన ప్రొద్దుటూరు టౌను కంటే చాలా తక్కువ. వాళ్లకు 2009 నుంచి సొంత పాలన ఉంది కాబట్టి చెయ్యగలిగినారు. మన కడప జిల్లాలో అయిదో షెడ్యూలు ప్రాంతం ఒక్క ఎకరా లేదు. పెసా గ్రామసభ మనకు వర్తించదు. అటవీ హక్కుల చట్టం ఒక్కటే ఉంది మన చేతిలో, దానికి కూడా ముందు మనం ఫలానా చోట ఉన్నామని చూపించుకోవాల. పోయిన ఏడాది ఒక ఆఫీసులో నా కుల ధ్రువపత్రం కోసం పోతే, ‘నువ్వు ఎరుకలోడివని ఏంది రుజువు?’ అని అడిగినారు. మా తాతను నేరస్తుడని రాసుకునేటప్పుడు ఎవరూ రుజువు అడగలే.

1993లో క్విసుక్, నుక్తాక్, అతంగాన, అవియాక్‌ల ఎముకలను మ్యూజియం తిరిగి ఇచ్చింది. క్వానాక్‌లో పూడ్చినారు. 95 ఏళ్లు పట్టింది. కెన్ హార్పర్ అనే ఆయన మినిక్ జీవితం మీద 1986లో పుస్తకం రాసినాక, పాత పత్రికలూ ఉత్తరాలూ బయటికొచ్చినాక, అడగడం మళ్లీ మొదలైంది. ఎవరో ఒకరు పేర్లు రాసిపెట్టినారు కాబట్టి అడగగలిగినారు. ‘ఆరుగురు ఎస్కిమోలు’ అని మాత్రమే మిగిలుంటే ఎవరి కోసం అడుగుతారు?

అందుకే వచ్చే నెల కలిసేలోపు మీకు ఒక పని ఇస్తున్నా. మీ ఊరు, మీ తండా చుట్టూ ఉన్న గుట్టకో, వంకకో, చెట్టుకో, రాయికో మన పెద్దోళ్లు పిలిచే పేరు ఒకటి రాసుకు రండి. రెవెన్యూ మ్యాపులోని పేరు కాదు. ఎరుకలోళ్లు ఎరుకల మాటలో, సుగాలీలు గోర్ బోలీలో, యానాదులు వాళ్లు పిలిచేట్టు. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. ఎవరు చెప్పినారో వాళ్ల పేరు, వయసు కూడా రాయండి. ఫోనులో వాళ్ల గొంతు రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. నేను మా జేజి దగ్గర మొదలుపెట్టినా. ఇప్పటికి పదకొండు పేర్లయినాయి, మధ్య మధ్యలో డబ్బా తీసి ఆకూవక్కా నములుతా చెప్తా ఉంది.

మాట్లాడటం అయిపోయినాక జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక చెల్లెలు లేచి రెండు అడిగింది. ఆ రాయి వెనక్కి వచ్చిందా అన్నా? రాలే, న్యూయార్కులోనే ఉంది. మరి మినిక్? అతను కూడా రాలే. న్యూహాంప్‌షైర్‌లో అతన్ని పూడ్చిన చోటే ఉన్నాడు.

వచ్చే నెల రెండో ఆదివారం, ఇదే చోట. నోటు పుస్తకం మర్చిపోవద్దు. జోహార్.